ఉప్పునీటి బోరు, సున్నిపిండి, ఎగ్జిమా ఉన్న పిల్లాడి స్నానం

మొగల్తూరు దగ్గర ఒక పల్లె నుంచి ఓ తల్లి అడిగిన ప్రశ్న ఇది. "మా బాబుకి ఐదేళ్ళు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ మీద చర్మం ఎండిపోయి ఎర్రగా, గరుగ్గా అవుతోంది. రాత్రంతా గోక్కుంటాడు. డాక్టరుగారు ఎగ్జిమా అని ట్యూబు ఇచ్చారు. రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్ళీ వస్తుంది. మా అత్తగారు సున్నిపిండితో రుద్దమంటారు. మెడికల్ షాపులో క్రిములు చంపే సబ్బు ఇచ్చారు. ఇంకొకరు అసలు రోజూ స్నానమే వద్దన్నారు. మావారు రొయ్యల చెరువు చేస్తారు, చుట్టూ చెరువులే, మా బోరు నీళ్ళు ఉప్పన. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

అమ్మా, నేను చర్మవ్యాధుల ఓపీలో 27 ఏళ్ళు నర్సుగా పనిచేశాను. అంతకంటే ముఖ్యం, నాదీ మీ బాబు లాంటి చర్మమే. రాజోలు దగ్గర మా ఊళ్ళో, నాకు ఆరేడేళ్ళప్పుడు, మా అమ్మ నన్ను నూతి చప్టా మీద నిలబెట్టి ఎర్ర సబ్బు రాసి కొబ్బరి పీచుతో మోచేతులు రుద్దేది. మడతల్లో నెత్తురు చెమర్చేది. ఒళ్ళు సరిగ్గా తోమకే ఆ దురద అని ఎదురింటావిడ అనేది. ఆ మాట పడలేక అమ్మ మర్నాడు ఇంకాస్త గట్టిగా రుద్దేది. అమ్మ కోపంతో చేసింది కాదు, నా బాధ తీరాలనే చేసింది. మీ అత్తగారి ఆరాటమూ అదే. అందుకే ఇంట్లో ఎవర్నీ తప్పు పట్టకుండా ఈ సంగతి చెప్పుకుందాం.

బాబు ఒంటి మీద కడిగి వదిలించాల్సిన మురికి దాదాపు ఏమీ లేదు. ఆ చర్మం తడిని పట్టి ఉంచలేకపోతోంది, బయటి వాటిని లోపలికి రానిస్తోంది. ఇది మనసుకి పడితే ఏ సబ్బు, ఎంత సబ్బు, స్నానం అయ్యాక ఏం చెయ్యాలి అన్నవన్నీ ఒక దారిన పడతాయి.

ముందు పేరు దగ్గర జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. మన వాడుకలో గజ్జి, తామర, ఎగ్జిమా అన్నిటినీ ఒక్క గాటన కట్టేస్తాం. గజ్జి చర్మంలోకి దూరే కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. తామర ఫంగస్ వల్ల వస్తుంది, గుండ్రంగా అంచు కట్టి పాకుతుంది, అదీ అంటుకునేదే. ఎగ్జిమా వీటిలో ఏదీ కాదు, ఎవరికీ అంటదు. కానీ పత్రికల్లో, పుస్తకాల్లో ఎగ్జిమాకి కూడా తామర అనే రాసేస్తుంటారు. దాంతో షాపుకి వెళ్ళి "తామర అండీ" అంటే తామరకి వాడే సబ్బో, గంధకం సబ్బో చేతిలో పెడతారు. అవి ఎగ్జిమా చర్మాన్ని ఇంకా ఎండగడతాయి. ఓపీలో ఇలాంటి పిల్లల్ని వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూసేదాన్ని. మీ డాక్టరుగారు చూసి ఎగ్జిమా అన్నారు కాబట్టి ఆ పేరే చెప్పండి. ఒకవేళ ఇంట్లో పెద్దవాళ్ళకీ రాత్రిపూట దురద మొదలైతే మాత్రం మళ్ళీ చూపించండి, అప్పుడు గజ్జి అవునో కాదో తేల్చుకోవాలి.

ఇక చర్మం సంగతి. చేను గట్టుకి ఎండ్రకాయలు బొరియలు పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. సాయంత్రం నిండుగా నీళ్ళు పెట్టినా తెల్లారేసరికి మడి ఆరిపోతుంది. ఇంకా ఇంకా నీళ్ళు పెట్టి లాభం లేదు, గట్టు మెత్తాలి. మన చర్మం పై పొరలో కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు అడుసులా పట్టి ఉంటాయి. ఎగ్జిమా ఉన్నవాళ్ళలో ఆ అడుసు పలచన. ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ ఒకటుంది. అది విరిగి తడిని పట్టి ఉంచే పదార్థాలుగా మారుతుంది, చర్మానికి కొంచెం పులుపుదనం కూడా ఇస్తుంది. ఆ ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని 2006లో స్కాట్లండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు చూపించారు. ఎగ్జిమా ఉన్నవాళ్ళందరిలోనూ ఆ లోపం ఉండదు. కానీ గట్టుకి బొరియలు పడ్డ పరిస్థితి మాత్రం అందరిదీ. పుట్టుకతో వచ్చిన ఈ తత్వానికి మీ పెంపకం కారణం కాదు, మీరు గర్భంతో ఉన్నప్పుడు తిన్నదీ కాదు.

పులుపుదనం అన్నాను కదా, అది మీవారికి ఒక్క మాటలో అర్థమవుతుంది. పీహెచ్ అంటే పులుపునీ క్షారాన్నీ కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. రొయ్యల చెరువులో అది 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలని పొద్దునా సాయంత్రమూ చూసుకుంటారు. 9 దాటితే నీళ్ళలో ఉన్న అమ్మోనియానే విషమై కూర్చుంటుంది, రొయ్య మేత మానేస్తుంది. చర్మానికీ అలాంటి లెక్కే ఉంది. ఆరోగ్యమైన చర్మం పీహెచ్ సుమారు 5. మామూలు స్నానపు సబ్బు నీళ్ళలో కలిస్తే పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఒక్కో అంకెకీ పది రెట్ల తేడా అని చెరువు చేసేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. 5కీ 10కీ మధ్య తేడా లక్ష రెట్లు.

మంచి చర్మం ఆ దెబ్బ తట్టుకుని కొన్ని గంటల్లో తన పులుపుకి తిరిగి వస్తుంది. ఎగ్జిమా చర్మం పీహెచ్ ముందే కాస్త ఎక్కువ, వెనక్కి రావడమూ ఆలస్యమే. ఆ వేళలో రెండు మూడు చెడ్డ పనులు ఒకేసారి జరుగుతాయి. కణాల మధ్య లంకెలను తెంచే ఎంజైములు చురుకవుతాయి. సెరమైడ్లు తయారుచేసేవి మందగిస్తాయి. ఎగ్జిమా చర్మం మీద చేరి దురదని ఎగదోసే స్టాఫిలోకోకస్ అనే బాక్టీరియాకి ఆ వాతావరణం హాయిగా ఉంటుంది. పొద్దున ఒకసారి, బడి నుంచి వచ్చాక ఒకసారి ఒళ్ళంతా సబ్బు రాశారంటే, చర్మం కోలుకోకముందే మళ్ళీ దెబ్బ కొట్టినట్టు.

అందుకని సబ్బు మార్చండి. బ్రాండ్ పేరు చెప్పను, పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవడం చెబుతాను. మొదటి వరసలో సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్, సోడియం కోకోయేట్ లాంటి పేర్లుంటే అది అసలు సబ్బు, కాస్టిక్ సోడాతో నూనెని వండి చేసింది. సోడియం కోకాయిల్ ఐసిథయోనేట్, సోడియం లారోయిల్ ఐసిథయోనేట్ లాంటివి మొదట ఉంటే అది సబ్బు కాని బిళ్ళ. డాక్టర్లు దాన్ని సిండెట్ అంటారు. దాని పీహెచ్‌ని చర్మానికి దగ్గరగా తీసుకురావచ్చు. రెండూ కలిపినవీ ఉంటాయి, వాటిలో ఏ పేరు ముందుందో చూడండి. పెర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్ అనే మాట లేనిది వెతకండి. ద్రవం కొంటే సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్నది వద్దు. ల్యాబుల్లో చర్మాన్ని కావాలని మండించి పరీక్షించడానికి వాడే పదార్థం అదే.

అసలు సబ్బుకి పీహెచ్ 5.5 ఉండటం సాధ్యం కాదు. అంత పులుపులో సబ్బు విరిగిపోయి మళ్ళీ కొవ్వు ఆమ్లంగా తేలిపోతుంది. కాబట్టి బొప్పాయి సబ్బు, మేకపాల సబ్బు, బొగ్గు సబ్బు, ఇంట్లో చేసిన సబ్బు, కలిపింది ఏదైనా అడుగున ఉన్నది ఆ క్షారమే. "బేబీ" అని రాసినవాటిలోనూ చాలా వాటిది అదే కథ. మీ దగ్గర పీహెచ్ రంగు పట్టీలుంటే సబ్బుని కొద్దిగా అరగదీసి మంచినీళ్ళలో కలిపి ముంచి చూడండి. నేను మా ఇంట్లో ఉన్నవన్నీ అలా ముంచి చూశాకే కొన్నిటిని పక్కన పెట్టాను.

టీఎఫ్ఎమ్, అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం, దాని గురించి కూడా అడుగుతారని ముందే చెబుతున్నాను, ఎందుకంటే వాట్సాప్‌లో అది తెగ తిరుగుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బులో కొవ్వు పదార్థం 76 శాతం ఉంటే గ్రేడ్ 1, 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. ఆ అంకె సబ్బులో ఎంత సబ్బు ఉందో చెబుతుంది, చవక పొడులు ఎంత తక్కువ కలిపారో చెబుతుంది. పీహెచ్ గురించి ఏమీ చెప్పదు. 80 శాతం ఉన్న సబ్బూ క్షారమే. మామూలు చర్మానికి గ్రేడ్ 1 కొనుక్కోవడం మంచిదే. మీ బాబుకి ఆ అంకె పట్టుకుని ఎంచకండి.

మెడికల్ షాపులో ఇచ్చిన క్రిములు చంపే సబ్బు పక్కన పెట్టేయండి. బకెట్లో ఒక మూత యాంటీసెప్టిక్ ద్రవం కలపడం మన ఇళ్ళలో మామూలు. పగిలిన చర్మానికి అది మంట, పదే పదే వాడితే అదే ఒక కొత్త ఎగ్జిమా తేవచ్చు. మామూలు సబ్బు, నీళ్ళ కంటే మెరుగని కంపెనీలు నిరూపించలేదని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్రైక్లోసాన్‌తో కలిపి 19 క్రిమిసంహారకాలను ఇంటి వాడకపు సబ్బుల్లోంచి తీసేయించింది. కొందరు డాక్టర్లు ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వచ్చే పిల్లలకి బాగా పలచన చేసిన బ్లీచ్ స్నానం చెబుతారు. అది కొలత పెట్టి, వాళ్ళు చూస్తుండగా చేసే వైద్యం. పంచాయతీ వాళ్ళు నూతుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ తెచ్చి ఇంట్లో ప్రయత్నించకండి, దయచేసి.

ఎంత సబ్బు అన్నది ఏ సబ్బు అన్నదానికంటే పెద్ద విషయం. చంకలు, గజ్జలు, పిరుదులు, పాదాలు. అంతే. చేతులు మట్టిగా ఉంటే చేతులు. మిగతా ఒంటికి నీళ్ళు చాలు. ఐదేళ్ళ పిల్లాడి వీపు మీద, పొట్ట మీద, నీళ్ళకి పోని మురికి ఏదీ ఉండదు. ఎర్రబడి ఉన్న మడతలకి సబ్బు తగలనివ్వకండి. స్నానం చివర్లో రాసి వెంటనే కడిగేయండి, సబ్బుతో నిలబెట్టి కబుర్లు వద్దు. పీచు, నైలాన్ జాలీ, గరుకు గుడ్డ వద్దు, చేత్తోనే. సిండెట్ బిళ్ళ ధర మామూలు సబ్బుకి రెండు మూడింతలుంటుంది, నిజమే. కానీ ఇలా వాడితే చాలా రోజులు వస్తుంది, నీళ్ళు నిలవని పెట్టెలో పెట్టుకుంటే ఇంకొన్ని రోజులు.

ఇప్పుడు సున్నిపిండి. మీ అత్తగారి ముందు ఈ మాట ఎలా ఎత్తాలో నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఎత్తాల్సి వచ్చింది. మామూలు చర్మానికి సున్నిపిండి సబ్బంత క్షారం కాదు, ఆ మేరకు పెద్దవాళ్ళ మాట సరైనదే. బాబు విషయంలో మూడు చిక్కులున్నాయి. మొదటిది రాపిడి. ఎంత మెత్తగా పట్టించినా పిండి గరుకే, పగిలిన మడతకి అది ఉప్పుకాగితం. రెండోది బావంచాలు. చాలా ఇళ్ళలో సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు బావంచాలూ వేస్తారు. వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టు కమిలి నల్లబడుతుంది. బొల్లికి డాక్టర్లు చేసే వెలుగు చికిత్సలో వాడేది ఈ కుటుంబపు మందే. మూడోది శనగ, పెసర, మినుము అన్నీ తిండి పదార్థాలు కావడం. పగిలిన చర్మం గుండా తిండి ప్రొటీన్లు లోపలికి పోతే ఒళ్ళు వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు. అప్పటిదాకా గోధుమ తిని హాయిగా ఉన్నవాళ్ళు వాళ్ళు. 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు.

అయితే భోగి రోజు నలుగు పెట్టి తలంటకపోతే మీ అత్తగారి మనసు ఊరుకోదు. మేము చేసిన ఏర్పాటు చెబుతాను. బావంచాలు లేని పిండి ఒక చెంచా, నూనెలో కలిపి, అరికాళ్ళకి మాత్రం అద్దించాం. అరికాలి చర్మం మందం, బాగుంటే ఏమీ కాదు. మోచేతులకి నలుగు బదులు బామ్మ చేత్తోనే కొబ్బరినూనె రాయించాం. హారతి ఇచ్చింది, అక్షింతలు వేసింది, ఆవిడ సంతోషించింది.

తలంటు గురించి చిన్న మాట. కుంకుడు రసం షాంపూ కంటే సుతారం అనుకుంటాం గానీ, తల మీద నుంచి జారి మెడ మడతల్లో, చెవుల వెనక నిలిచేది ఏదైనా మండిస్తుంది. బాబుని ముందుకి వంచి పోయండి, నురగ ముఖం మీదుగా, మెడ మీదుగా ఒంటి మీదకి కారకూడదు. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. వేపాకు నీళ్ళు, పసుపు నీళ్ళు కూడా ఇప్పుడు వద్దు, మడతలు మామూలుగా అయ్యేదాకా.

మీ అసలు బాధ బోరు నీళ్ళు. తీరం వెంబడి మొగల్తూరు, నరసాపురం, అవతల సఖినేటిపల్లి, మలికిపురం దాకా ఉప్పు బోర్ల ఊళ్ళే ఎక్కువ. ఉప్పు నీళ్ళలో, కాల్షియం ఎక్కువున్న చవ్వ నీళ్ళలో సబ్బు నురగ రాదు. నురగ రావడం లేదని ఇంకా రాస్తాం. ఆ సబ్బు కాల్షియంతో కలిసి తెల్లటి జిడ్డుగా మారి బకెట్ అంచుకి పట్టినట్టే ఒంటికీ పడుతుంది. చవ్వ నీళ్ళతో కడిగితే డిటర్జెంట్ పదార్థం చర్మం మీద ఎక్కువ మిగిలిపోతుందని, ఫిలాగ్రిన్ లోపం ఉన్నవాళ్ళకి అది ఎక్కువ హాని చేస్తుందని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు కొలిచి చూపించారు. అది విని వేలకి వేలు పెట్టి నీళ్ళు మెత్తబరిచే యంత్రం కొనకండి. ఆ దేశంలోనే 336 మంది పిల్లలతో ఆ యంత్రాలు పెట్టి 12 వారాలు పరీక్షించారు, 2011లో ఫలితం వచ్చింది. ఎగ్జిమాలో తేడా కనబడలేదు.

నేను చేసేది, అందరికీ చెప్పేది ఇంతే. స్నానం బోరు నీళ్ళతోనే కానివ్వండి. చివరి మూడు నాలుగు చెంబులు మాత్రం మంచినీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో, కాలవలు కట్టేసే వేసవి రోజుల్లో తాగడానికి తెచ్చే టిన్నులోవో. ఐదేళ్ళ పిల్లాడికి మూడు లీటర్లు సరిపోతాయి. సబ్బు తక్కువ రాశారు కాబట్టి కడగాల్సిందీ తక్కువే. బట్టలకీ ఇదే లెక్క. సర్ఫు సగం చేసి, బాబు చొక్కాలు, దుప్పటి ఒక జాడింపు ఎక్కువ జాడించండి. మెత్తటి నూలు బట్ట వెయ్యండి, మెడ దగ్గర లేబుల్ కత్తిరించండి.

నీళ్ళ వేడి గోరువెచ్చన కంటే ఎక్కువ వద్దు. ధనుర్మాసం చలిలో కాగులో మరిగిన నీళ్ళు పోస్తే దురద క్షణం పాటు హాయిగా ఆగుతుంది. పిల్లాడు ఇంకా పొయ్యమంటాడు కూడా. పావుగంట తర్వాత రెట్టింపై వస్తుంది. మీ మణికట్టు లోపలి వైపు పోసుకు చూడండి, వేడి అనిపిస్తే చల్లనీళ్ళు కలపండి. ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించండి.

రోజూ స్నానం వద్దన్న మాట సంగతి. ఈ మధ్య బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్నవాళ్ళని రెండు గుంపులు చేసి ఒకరిని రోజూ, ఒకరిని వారానికి ఒకటి రెండుసార్లు స్నానం చేయించి చూశారు. రెండు గుంపుల ఎగ్జిమాలోనూ తేడా లేదు. అంటే స్నానం దానంతట అది చెడ్డది కాదు. మన డెల్టా ఉక్కలో, మే నెలలో చెమటే దురద పుట్టిస్తుంది. ఆటల నుంచి రాగానే సబ్బు లేకుండా రెండు చెంబులు పోసి చెమట వదిలించండి, రోజుకి రెండుసార్లయినా ఫరవాలేదు. ప్రతి స్నానం తర్వాత గట్టు మెత్తాలి, అది తప్పనిసరి.

గట్టు మెత్తడం అంటే ఇది. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి, ఒళ్ళు కాస్త తడిగా ఉండగానే మూడు నిమిషాల లోపు మాయిశ్చరైజర్, అంటే తడిని నిలిపే క్రీమ్, పూయండి. డాక్టరుగారి మందు ట్యూబు కాదు. డబ్బా బాత్రూమ్ గుమ్మం దగ్గరే పెట్టుకోండి. గదిలోకి వెళ్ళి, చొక్కా వెతికి, ఫోన్ ఎత్తి, తర్వాత రాద్దామంటే ఆ తడి ఆవిరైపోతూ చర్మం లోపలి తడిని కూడా తీసుకుపోతుంది. వెంట్రుకలు వాలే దిక్కుకి పై నుంచి కిందకి పూయండి, మర్దన చెయ్యొద్దు. డబ్బాలో వేళ్ళు పెట్టకుండా శుభ్రమైన చెంచాతో తీయండి.

కోనసీమ మనుషులం కాబట్టి కొబ్బరినూనె సంగతి చెప్పకుండా ఉండలేను. వాసన కలపని పచ్చి కొబ్బరినూనెని ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లల మీద ఎనిమిది వారాలు పరీక్షించారు, 2014లో అచ్చయింది. మినరల్ ఆయిల్ కంటే మెరుగ్గా పనిచేసింది. ఆ స్టాఫిలోకోకస్‌ని తగ్గించే గుణమూ దానికుంది. మనం చేసే పొరపాటు వరస దగ్గర. ముందు నూనె రాసి, ఆ జిడ్డు వదలడానికి సబ్బో పిండో వేసి రుద్దుతాం. నూనె పోతుంది, దానితో ఒంటి సొంత జిడ్డూ పోతుంది. వరస తిప్పండి. ముందు స్నానం, తర్వాత తడి ఒంటి మీద పలచగా నూనె. దుకాణంలో దొరికే సువాసన తలనూనెలు వద్దు. ఆలివ్ నూనె వద్దు, అది చర్మపు పొరని దెబ్బతీస్తుందని పరిశోధనలో తేలింది. కొబ్బరినూనె ఒక్కటే చాలని మాత్రం అనను. బాగా ఎండిన చర్మానికి తడిని ఆపడంలో వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీయే మేలు, చవక కూడా. చలికాలం, రాత్రిపూట అది రాయండి. వేసవిలో అంత జిడ్డు కింద చెమట పొక్కులు లేస్తాయి, అప్పుడు పలచటి క్రీమ్. స్నానం నీళ్ళలో కలిపే నూనె మందులకి డబ్బు పెట్టకండి. బ్రిటన్‌లో 480 మందికి పైగా పిల్లల మీద చూస్తే వాటి వల్ల అదనపు లాభం లేదని 2018లో తేలింది.

ఎంత రాయాలో వింటే ఆశ్చర్యపోతారు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో పిల్లలకి మాయిశ్చరైజర్ వారానికి పావుకిలో నుంచి అరకిలో అని ఉంటుంది. మాయిశ్చరైజర్ చిన్న ట్యూబు నెలంతా వస్తోందంటే రాయాల్సినంత రాయడం లేదని అర్థం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ జిడ్డు ఇంకిన బట్టలు, దుప్పట్లు నిప్పు తగిలితే మామూలు బట్ట కంటే వేగంగా అంటుకుంటాయి. పొయ్యి దగ్గర, దీపావళి రోజు చిచ్చుబుడ్ల దగ్గర బాబుని ఉతికిన నూలు బట్టలతో ఉంచండి, ఆ సాయంత్రం జెల్లీ రాయకండి.

రొయ్యలు వలిచే షెడ్డుల్లో పనిచేసే ఆడవాళ్ళ చేతులు చాలా చూశాను. మంచు నీళ్ళు, క్లోరిన్ నీళ్ళు, సబ్బు, మళ్ళీ ఇంటికొచ్చి అంట్లు. వేళ్ళ మధ్య కోసినట్టు చీలికలు. వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఇదే ఉండేది. మీరూ చెరువు పనికి, వలుపుకి వెళ్తుంటే రబ్బరు తొడుగు లోపల పలచటి నూలు తొడుగు వేసుకోండి. నా చేతులూ ఆసుపత్రిలో రోజుకి నలభైసార్లు కడిగి అలాగే చీలిపోయాయి. మురికి కనబడనప్పుడు సబ్బు మానేసి ఆల్కహాల్ రుద్దుకోవడం మొదలుపెట్టాక మానాయి. చీలిక ఉన్నప్పుడు మండుతుంది గానీ, చర్మాన్ని సబ్బంత పాడు చెయ్యదు.

స్నానం మారిస్తే ఎగ్జిమా పోతుందని నేను అనడం లేదు. మంట రేగినప్పుడు డాక్టరుగారి ట్యూబు కావాల్సిందే, భయపడి సగంలో ఆపితే మళ్ళీ రేగుతుంది. రాస్తే తగ్గి మానేస్తే వస్తోందన్నారు కదా, ఆ మధ్య రోజుల్లో మాయిశ్చరైజర్ రాస్తున్నారా అని మిమ్మల్నే అడుగుతున్నాను. ఎక్కువసార్లు తిరగబెడుతుంటే తగ్గాక కూడా ఆ చోట్లలో వారానికి రెండు రోజులు మందు రాసే పద్ధతి ఉంది, డాక్టరుగారిని అడగండి. చీటీ లేకుండా షాపులో ఇచ్చే మూడు మందులు కలిపిన ట్యూబు మాత్రం వద్దు. అందులో పెద్ద స్టెరాయిడ్ ఉంటుంది, పిల్లల మడతల్లో చర్మం సిగరెట్ కాగితంలా పలచబడుతుంది. బుగ్గల మీద తెల్లటి పొడి మచ్చలు కనబడితే బొల్లి అనుకుని కంగారు పడొద్దు, ఈ చర్మంలో అవి మామూలే, చూపించి తేల్చుకోండి.

తేనె రంగు చెక్కు కట్టినా, చీము కారినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచి పంచ్ కొట్టినట్టు గుంటలు పడి నొప్పి పెడితే అదే రోజు, రాత్రయినా సరే తీసుకెళ్ళండి. అది హెర్పిస్ వైరస్ కావచ్చు, ఆలస్యం చెయ్యకూడని జబ్బు.

ఇంకొక్క పని ఉంది, స్నానంతో సంబంధం లేనిది. నా మూడో తరగతిలో పిల్లలకి అంటుతుందని నన్ను చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. సంవత్సరమంతా అక్కడే కూర్చున్నాను. సోమవారం బాబుని బడిలో దింపేటప్పుడు టీచరుగారితో రెండు నిమిషాలు మాట్లాడండి. ఇది ఎవరికీ అంటదని, దురద పెడితే గోకొద్దని గదమాయించకుండా తడిగుడ్డ అద్దుకోనివ్వమని, చేతులు కడిగే దగ్గర పెట్టుకోవడానికి మీ సిండెట్ బిళ్ళ ముక్క ఒకటి ఇస్తానని చెప్పండి. వాడిని వాడి స్నేహితుడి పక్కనే కూర్చోబెట్టమనండి.